దొరగారికి పడని తిండి

జూన్ 4, మంగళవారం

చిట్టికి,

నీ వదిన రాసేది. ఇక్కడ మనుషులం ఇద్దరం బాగున్నాం, నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను. మూడో ప్రాణి ఎలా ఉందో చెప్పడానికే ఈ ఉత్తరమంతా. కాబట్టి డ్యూటీ దిగాక తీరిగ్గా కూర్చుని చదువు.

ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోను షాపులో బల్ల మీద ఉంటుంది, నీకు తెలియనిదేముంది. మీ అన్నయ్య స్పీకరు పెడతారు. వెనక టెస్టింగుకి పెట్టిన ఫ్యాన్లు గిర్రున తిరుగుతూ ఉంటాయి. నేనొక మాట మొదలుపెడితే ఆయన దాన్ని పూర్తి చేస్తారు. ఉత్తరమైతే నా వాక్యం నేనే ముగించుకోవచ్చు. రాశాక ఆయనకి చూపిస్తానులే, అక్షరాల తప్పులు దిద్ది ఇస్తారు.

నువ్వు ఆసుపత్రి ఉద్యోగానికి వెళ్తూ, హాస్టల్లో పిల్లుల్ని రానివ్వరని ముక్కు ఎర్రబడేలా ఏడ్చి, దొరగారిని నా ఒళ్ళో పెట్టావు. వీధి మలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి, పొద్దున్న పాలు మాత్రం మానొద్దు వదినా, దానికి అదొక్కటే సుఖం అని చెప్పి మరీ వెళ్ళావు. ఆ మాటని మీ అన్నయ్య శాసనంలా పట్టుకున్నారు. లేవగానే నా మొహం చూసి అడిగే మొదటి ప్రశ్న, దానికి పాలు పోశావా అని. పోస్తున్నాను చిట్టీ. గిన్నె ఇట్టే ఖాళీ అవుతోంది.

పాల సంగతి సరే, మిగతా తిండి దగ్గరే వచ్చింది చిక్కు. మొదట్లో తిండి ఆయనే తెచ్చారు. నీకెందుకు శ్రమ, నేను తెస్తాగా అన్నారు. ఆ మాట వినకుండా ఈ ఇంట్లోకి వచ్చిన వస్తువు లేదు. కూరగాయలు ఆయనే తెస్తారు, సబ్బులు ఆయనే తెస్తారు. నా చెప్పులు కూడా, నన్ను కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలుతో గీసుకుని, ఆ కాగితం పట్టుకెళ్ళి ఆయనే తెచ్చారు. అచ్చం సరిపోయాయి. కొని ఎన్నాళ్ళయినా కొత్తవాటిలాగే ఉన్నాయి, అడుగున గీత కూడా పడలేదు.

అలాగే దొరగారికీ, చవగ్గా వస్తోందని ఎండు గుళికల తిండి ఒక పెద్ద బస్తా భుజాన వేసుకొచ్చారు. దొరగారు పాలు తాగి, ఆ పైన ఆబగా గుళికలు తిని, మీసాలు తుడుచుకుని, నేరుగా షాపులోకి నడిచారు. అక్కడ మీ అన్నయ్య కష్టపడి తీగ చుట్టి, వార్నిష్ వెయ్యడానికి సిద్ధంగా పెట్టిన నీళ్ళ మోటారు ఉంది. ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేనట్టు, దొరగారు దాని మీదే కడుపు ఖాళీ చేసుకున్నారు.

ఆ తీగంతా విప్పి పారేసి మళ్ళీ మొదటి నుంచి చుట్టుకోవాల్సి వచ్చింది. మీ అన్నయ్య అరవలేదు. అరిస్తే బాగుండేది. షాపుకీ నడిమి గదికీ మధ్య ఒక చెక్క అడ్డం కొట్టి, ఇక ఇది ఇవతలికి రాకూడదు అన్నారు. దాని కడుపు సంగతి నువ్వే చూసుకో, డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్ళు, తిండి నువ్వే ఎంచు అన్నారు. షరతులు రెండే. ఖరీదు ఎక్కువ కాకూడదు, కడుపుకి పడాలి. ఈ రెండూ ఒకే ప్యాకెట్లో దొరకడం ఎంత కష్టమో నాకిప్పుడు తెలుస్తోంది.

పశువుల డాక్టరు పెద్దాయన, నిదానస్తుడు. దొరగారి పొట్ట నొక్కి, చిగుళ్ళు చూసి, భయపడాల్సిందేమీ లేదు, కొన్ని పిల్లుల కడుపు సున్నితంగా ఉంటుందన్నారు. అట్ట మీద బొమ్మ చూసి మోసపోకుండా, వెనక రాసి ఉన్నదాంట్లో మొదటి పేరు మాంసమేనా అని చూసుకోమన్నారు. ఇంట్లో పెడితే ఎముక, తోలు, ఉప్పు, ఉల్లిపాయ ఏవీ తగలకుండా ఉడికించిన కోడిమాంసం పెట్టమన్నారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఏది మార్చినా ఒక్కసారిగా మార్చకూడదట. పాత తిండిలో కొత్తది చిటికెడు కలపాలి. మర్నాడు ఇంకాస్త. అది గమనించేలోపు గిన్నె మొత్తం మారిపోవాలి. తొందరపడితే కక్కేస్తుంది, ఓపిక పడితే అలవాటు చేసుకుంటుంది అన్నారు.

అదీ సంగతి. పెట్ షాపు మార్కెట్ వీధి దాటాక, పోస్టాఫీసు పక్కన. చెప్పులేసుకుని వెళ్ళి రావడమే ఇప్పుడు నా ఉద్యోగం.

నీ వదిన

◆

జులై 9, మంగళవారం

చిట్టికి,

వదిన రాసేది. నీ ఉత్తరం అందింది. వార్డులో నిన్ను ముసలివాళ్ళంతా మనవరాలా అని పిలుస్తున్నారని చదివి మీ అన్నయ్య మురిసిపోయారు, పైకి మాత్రం అక్కడ తిండి ఎలా ఉందో రాయలేదేం అని విసుక్కున్నారు.

దొరగారి తిండి గురించి అడిగావు. ఏం చెప్పమంటావు. చేపల గుళికలు తెచ్చాను, మొదట బాగానే తింది, తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. కోడిమాంసం గుళికలు తెచ్చాను, వాటికి కక్కింది. సున్నితమైన కడుపుల కోసమే తయారు చేశామని చెప్పుకునే రకం ఒకటుంది. బొమ్మలో పిల్లి మన దొరగారికంటే దర్జాగా కూర్చుంది. దాని ధర వినగానే మీ అన్నయ్య, ఆ పిల్లికి కడుపు సున్నితమైతే మనకి జేబు సున్నితం అన్నారు. సరే, ఇంట్లోనే కోడిమాంసం ఉడికించి, మెత్తటి అన్నం కలిపి పెట్టాను. రెండు రోజులు మహారాజులా తిని మూడో రోజు వాసన చూసి వెళ్ళిపోయింది. కొట్టావిడ లూజుగా అమ్మే ఇంకో రకం ఇచ్చి చూడమంది. డబ్బా మూత సరిగ్గా లేకపోతే లూజు గుళికలు మక్కిపోతాయి, కొత్త బస్తా విప్పిన రోజే రమ్మంది. అది ఎప్పుడు విప్పుతారో తెలియదు కాబట్టి రెండుసార్లు వెళ్ళాల్సి వచ్చింది.

ఈ కొట్టావిడ గురించి నీకు చెప్పలేదు కదూ. పొట్టిగా, గుండ్రంగా, గల్లాపెట్టె వెనక నిలబడితే తల ఒక్కటే కనిపిస్తుంది. ఎవరొచ్చినా ముందు మీ పిల్లికి పేరేంటి అంటుంది, తర్వాతే బేరం. కొట్టులో రద్దీ ఎక్కువ. అందుకే నేను వెళ్ళి రావడానికి ఈ మధ్య కాస్త ఎక్కువసేపు పడుతోంది. మీ అన్నయ్య కంగారు పడుతున్నారు, పాపం.

మొన్న వాన పడితే గొడుగు పట్టుకుని కొట్టు దాకా వచ్చేశారు. తడుస్తావేమోనని వచ్చాను అన్నారు. షాపు తెరిచి పెట్టి, పని ఆపుకుని వచ్చారు చూడు. కొట్టావిడ, మీ ఆయన ఎంత మంచివాడమ్మా అంది. అవునన్నాను. ఇద్దరం ఒకే గొడుగులో ఇంటికొచ్చాం. దారిలో, ఏ తిండి పడిందో త్వరగా తేల్చు, నెల నెలా ఇంటికే తెచ్చి ఇచ్చేలా మాట్లాడేస్తాను, నీకీ తిరుగుడు ఉండదు అన్నారు. తేలుస్తానన్నాను. మరి దొరగారు తేల్చనివ్వాలి కదా.

మన ఇల్లు నీకు తెలియంది కాదు. రైలు పెట్టెలాగా ఒకే వరస. వెనక వంటిల్లు, నడిమి గది, ముందు షాపు. బట్టలుతికే చోట ఇంత ఆకాశం, మూడు వైపులా గోడ. మీ అన్నయ్య బల్ల దాటకుండా వీధిలోకి దారి లేదు. తీగ చుట్టేటప్పుడు ఆయన పెదాలు కదులుతూనే ఉంటాయి, చుట్ల లెక్క తప్పితే మోటారు కాలిపోతుంది. అప్పుడు నోరు తెరవలేరు కాబట్టి నేను గుమ్మం దగ్గరికి రాగానే ఎడమ చెయ్యి పైకి లేస్తుంది. నేను ఆగుతాను. సంచి పట్టుకుని, చెప్పులేసుకుని, ఆ కాయిల్ పూర్తయ్యేదాకా నిలబడతాను. చెయ్యి దిగాక ఎక్కడికి అంటారు. పిల్లి తిండికి అంటాను. సరే, జాగ్రత్త అంటారు. పిల్లి తిండికి అన్నప్పుడు తప్ప ఆ చెయ్యి దిగాక సరే అన్న మాట నేను వినలేదు. ఇది చదివి మీ అన్నయ్య నవ్వుతారు, అందుకే రాశాను. ఆయన నవ్వి చాలా రోజులైంది.

దొరగారు చెక్క అడ్డం దగ్గర కూర్చుని షాపులోకి చూస్తూ ఉంటారు. పక్కనే పీట వేసుకుని నేను కూరలు తరుగుతూ ఉంటాను. నేనే ఈ మధ్య కాస్త ఒళ్ళు చేశానని మీ అన్నయ్య అంటున్నారు. పిల్లి తిండి నువ్వు తింటున్నావా ఏం అని వేళాకోళం కూడాను.

నీ వదిన

◆

ఆగస్టు 13, మంగళవారం

చిట్టికి,

వదిన రాసేది. మేం క్షేమం అని రాసేలోపే నీ ఉత్తరం మళ్ళీ చదవాలనిపించి, కాసేపు కలం పక్కన పెట్టాను. హాస్టల్ వదిలి స్నేహితురాలితో కలిసి గది తీసుకున్నావు. గది యజమానురాలికి పిల్లులంటే ఇష్టం. వచ్చే ఆదివారం బుట్ట తెచ్చి దొరగారిని తీసుకెళ్తానన్నావు. నీకు ఇన్నాళ్ళూ ఇచ్చిన శ్రమ చాలు వదినా అని కూడా రాశావు.

గది దొరికినందుకు సంతోషం. నిజంగా సంతోషం చిట్టీ. కిటికీ లోంచి బస్సులు కనిపిస్తాయన్నావు. ఏ బస్సు ఎటు వెళ్తుందో ఈసారి రాయి.

దొరగారి విషయం మాత్రం నిదానంగా ఆలోచించు. నీదే పిల్లి, నేను కాదనడం లేదు. కానీ ప్రయాణం, కొత్త నీళ్ళు, కొత్త గోడలు. ఇవన్నీ ఒక్కసారి మీద పడితే ఆ కడుపు తట్టుకుంటుందా? పోయిన వారం మొదలుపెట్టిన రకం ఇప్పుడిప్పుడే సగం పాళ్ళకి వచ్చింది. దాన్ని మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది. నువ్వు రాత్రి డ్యూటీలకి వెళ్తావు. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినిపించడానికి ఎవరుంటారు? ఇక్కడైతే నేను ఎటూ వెళ్ళను కదా, ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాను.

పైగా ఇంకో సంగతి. ఇది సరదాగానే అంటున్నాను. దొరగారు వెళ్ళిపోతే ఇక నేను వీధిలోకి ఏం చెప్పి వెళ్ళాలి? నాకు వేరే పనేముంది? సబ్బు దగ్గర నుంచి సూది దాకా ఇంటికే వస్తాయి. చెప్పులు మళ్ళీ అట్టపెట్టెలో పెట్టేసుకోవచ్చు. మీ అన్నయ్యకి ఇది చదివి వినిపిస్తే, ఎంత అదృష్టమో చూడు, కాలు కదపక్కర్లేని జీవితం అన్నారు.

నువ్వు రావద్దనడం లేదు. రా. నిన్ను చూసి ఎన్నాళ్ళయిందో. నువ్వు పడుకునే మంచం ఎండలో వేసి దులిపాను. బుట్ట మాత్రం ఈసారికి తేకపోతేనే మంచిదేమో, ఒక్కసారి ఆలోచించు.

నీ వదిన

చిట్టీ, వదిన రాసినదంతా చదివాను. తప్పులు తక్కువే. పిల్లి కోసం తను చాలా అవస్థ పడుతోంది, ఎండనక వాననక తిరుగుతోంది. తను మొహమాటపడి వద్దంటుంది, నువ్వు పట్టించుకోకు. బుట్ట తీసుకునే రా. అది వెళ్ళిపోతే తనకీ తిరుగుడు తప్పుతుంది, హాయిగా ఇంటిపట్టున ఉంటుంది. స్టేషనుకి నేను వస్తాను, ఒంటరిగా బయల్దేరకు.
అన్నయ్య

తా.క. చిట్టీ, ఇది కొట్టులో నిలబడి రాస్తున్నాను. స్టాంపు, జిగురు పోస్టాఫీసులో ఉంటాయి కదా అని మీ అన్నయ్య కవరు అంటించకుండా ఇచ్చారు. ఇంతకుముందు రెండుసార్లూ ఆయనే అంటించి ఇచ్చారు. జిగురు సీసా ఎండిపోవడం నా అదృష్టం. కొట్టావిడ కలం ఇచ్చింది.

దొరగారి కడుపు బాగుపడి చాలా కాలమైంది. డాక్టరు మొదటి రోజే చెప్పారు, పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు, పాలు మాన్పించండి చాలు అని. మాన్పించాను. వారం తిరగకుండా కక్కడం ఆగిపోయింది. ఆ తర్వాత నేను తెచ్చినవన్నీ దానికి పడ్డాయి. చేపలవీ పడ్డాయి, కోడివీ పడ్డాయి, లూజువీ పడ్డాయి. మీ అన్నయ్య తెచ్చిన ఆ చవక బస్తా కూడా పడేది, దానితోపాటు పాలు పోయకుండా ఉంటే. విరేచనాలని, కక్కిందని రాసినవన్నీ అబద్ధాలు. పొద్దున్న గిన్నెలో పాలు పోస్తున్నాను, ఆయన అటు తిరగగానే నా టీలో వంపుకుంటున్నాను. ఒళ్ళు చేశానన్నారు చూడు, అందుకే.

ఏది పడిందో తేల్చి చెప్పిన రోజే అది ఇంటికి రావడం మొదలవుతుంది. అందుకే తేల్చలేదు.

కొట్టులో రద్దీ అని రాశాను. ఆ రద్దీలో నేను గల్లాకి ఇవతల లేను చిట్టీ, అవతల ఉన్నాను. బస్తాలు విప్పి చిన్న ప్యాకెట్లు కడతాను. మా పిల్లికి ఏం పెట్టినా పడటం లేదమ్మా అని ఎవరైనా వస్తే కొట్టావిడ నా వైపు చూపిస్తుంది. ముందు పాలు ఆపండి, తర్వాత చూద్దాం అంటాను. వాళ్ళు నా మాట వింటారు. మధ్యలో ఎవరూ పూర్తి చెయ్యరు. గొడుగు రోజు ఆయన మెట్లెక్కుతుంటే నేను నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి బస్తా వెనక పడేశాను. దొంగతనం చేసినా అంత భయపడి ఉండను.

ఆయన చెడ్డవారు కాదు. నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఊపిరాడకుండా చేస్తోంది. పోట్లాడటానికి కూడా ఏమీ మిగల్చలేదు. ఆ చెయ్యి నీకూ తెలుసు. నువ్వు దాని ముందు ఎన్నేళ్ళు నిలబడ్డావో నేను చూశాను. ఉద్యోగం కాగితం చేతికొచ్చేదాకా ఆయనకి చెప్పకుండా ఉన్నావు, నేనే నీ సంచి సర్దాను. నేను అలా వెళ్ళలేను. నాకు వెళ్ళిపోవాలని కూడా లేదు. వెళ్ళి రావాలని ఉంది, అంతే.

అందుకే డాక్టరు చెప్పినట్టే చేస్తున్నాను. చిటికెడు చిటికెడు కలుపుతున్నాను, దొరగారికి కాదు, మీ అన్నయ్యకి. మొదట కొట్టుకి వెళ్ళి వెంటనే వచ్చేశాను. తర్వాత కొంచెం ఆలస్యం. తర్వాత రెండుసార్లు. ఈ మధ్య నేను లేనప్పుడు ఆయనే టీ పెట్టుకుని తాగుతున్నారు, గమనించనే లేదు. ఒక్కసారిగా కొట్టులో పని చేస్తానంటే ఆ కడుపు తట్టుకోదు. ఇప్పుడు నువ్వు పిల్లిని తీసుకెళ్తే నా దగ్గర కలపడానికి ఏమీ ఉండదు.

ఇవాళ కూడా వస్తుంటే చెయ్యి లేచింది. ఉత్తరం పట్టుకుని నిలబడ్డాను. పెద్ద మోటారు, చాలాసేపు పట్టింది.

నీ పిల్లిని నీకు లేకుండా చెయ్యడం అన్యాయమని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. నువ్వు చెప్తే ఆయన కాదనరు. ఆదివారం గుమ్మంలోకి రాగానే దొరగార్ని ఎత్తుకుని, అయ్యో వదినా, ఎంత చిక్కిపోయిందో, దీన్ని ఇప్పుడు కదిపితే బతకదు అను. అది గుమ్మడికాయలా ఉంటుంది, ఎత్తుకోగానే నవ్వొస్తుంది. నవ్వకుండా అను.

బుట్ట తేకు. దాని బదులు నా కొలత చెప్పులు ఒక జత తీసుకురా, గోధుమ రంగువి, సన్న పట్టీ ఉన్నవి, ఇప్పుడు వేసుకునేవాటి లాంటివే. ఇవి మడమల దగ్గర అరిగిపోయాయి. ఆయన ఇంకా చూడలేదు.